డిపెండెన్సీ ఇంజెక్షన్: ఒక భావన చరిత్ర

ఉపోద్ఘాతం

స్ప్రింగ్, యాంగ్యులర్, ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ వంటి వెబ్ ఫ్రేమ్‌వర్కుల్లో ఏదో ఒకదాన్ని మీరు ఇప్పటికే మొదలుపెట్టి ఉంటారు. మొదటి వారంలోనే మీకు ఒక సందేహం కలిగి ఉండాలి. మీ క్లాసుకు డేటాబేసుతో మాట్లాడే ఆబ్జెక్టు ఒకటి కావాలి. దాన్ని మీరు ఎక్కడా సృష్టించలేదు. 'న్యూ' అనే కీలకపదం మీ ఫైలులో కనిపించదు. అయినా ప్రోగ్రాం నడిచేటప్పుడు ఆ ఆబ్జెక్టు అక్కడ ఉంటుంది, పని చేస్తుంది. దాన్ని ఎవరు తెచ్చిపెట్టారు? 'డిపెండెన్సీ ఇంజెక్షన్' అని పుస్తకం ఒక్క మాటలో చెప్పి తర్వాతి పేజీకి వెళ్లిపోతుంది.

చాలామంది విద్యార్థులు ఇక్కడ రెండు పనుల్లో ఒకటి చేస్తారు. ఆ మాటకు నిర్వచనం కంఠస్థం చేసి పరీక్షలో రాస్తారు. లేదా ఇది తమకు అందని విషయమనుకుని, ఎక్కడో చూసిన అనొటేషన్‌ను అర్థం తెలియకుండానే తమ ఫైలులో అతికించుకుంటారు. మొదటివారు ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న దగ్గర ఆగిపోతారు. రెండోవారు ప్రోగ్రాంలో తప్పు వచ్చినప్పుడు ఎక్కడ వెతకాలో తెలియక తమ తెలివినే తప్పుపట్టుకుంటారు. తప్పు తెలివిది కాదు. ఈ భావన ఒక కష్టానికి జవాబుగా పుట్టింది. ఆ కష్టం చూడనివారికి జవాబు వింతగానే ఉంటుంది. అందుకే ఈ పాఠంలో ముందు కష్టాన్ని, తర్వాత జవాబును పరిశీలిద్దాం.

ముందుగా పదం గురించి ఒక మాట. ఇంజెక్షన్ అనగానే మనకు ఆసుపత్రి సూది గుర్తొస్తుంది. ఆ పోలిక ఇక్కడ పనికిరాదు. ఒక క్లాసు తన పని చేయడానికి ఆధారపడే మరో ఆబ్జెక్టును డిపెండెన్సీ అంటారు. ఈ పాఠంలో దాన్ని 'ఆధారం' అందాం. ఆ ఆధారాన్ని క్లాసు తానే తయారుచేసుకోకుండా బయటి నుంచి అందుకోవడమే డిపెండెన్సీ ఇంజెక్షన్. భావన ఇంతే. దాని చుట్టూ పెరిగిన సరంజామాయే పెద్దది.

పటిక పూసిన చోట ఎరుపు

చిత్తూరు, తిరుపతి ప్రాంత విద్యార్థులకు శ్రీకాళహస్తి కలంకారీ కొత్త కాదు. పెడనలో అచ్చులతో అద్దితే శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. 1950ల చివర్లో ఈ ఊళ్లో శిక్షణ కేంద్రం పెట్టి, అడుగంటుతున్న ఈ విద్యను మళ్లీ నిలబెట్టారన్నది మీరు చరిత్ర పాఠాల్లో చదివే ఉంటారు. కంప్యూటర్ పాఠంలో అద్దకం గొడవ ఎందుకని అనుకోవద్దు. మన భావనకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకదని నా అభిప్రాయం.

కోరా నూలు గుడ్డను ఉతికి, కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీస్తారు. ఇనుప తుక్కు, బెల్లం కలిపి ఊరబెట్టిన ద్రావణంతో ఆ గీతల మీద కలం నడుపుతారు. కరక్కాయలోని టానిన్, ద్రావణంలోని ఇనుము కలిసి గీతలు నల్లబడతాయి. ఇక ఎరుపు సంగతి. ఎరుపు కావలసిన చోట ఎర్ర రంగు పూయరు, పటిక నీళ్లు పూస్తారు. ఆ దశలో గుడ్డ మీద ఎరుపు జాడ కూడా ఉండదు. తర్వాత పారే నీళ్లలో అదనపు పటికను కడిగేసి, గుడ్డ మొత్తాన్ని ఎర్ర రంగునిచ్చే వేరుతో కలిపి ఉడికిస్తారు. రంగు నీళ్లు గుడ్డంతా తగులుతాయి. గట్టిగా పట్టుకునేది మాత్రం పటిక ఉన్న చోటే. మిగతా చోట్ల అంటిన మరకను ఉతికి, ఎండలో ఆరబెట్టి పోగొడతారు.

ఆ వేరు ఏది? ఒకప్పుడు కోరమాండల్ తీరంలో చిరివేరు వాడేవారు. మంజిష్ఠ కూడా ఎరుపునిస్తుంది. 1868లో జర్మనీలో గ్రేబ, లీబర్మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు, వేర్లలో దొరికే అలిజరిన్ అనే రంగు పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. కొన్నేళ్లలోనే అది బజారుకు వచ్చింది. కలంకారీ పనిలోకీ వచ్చింది. చిరివేరు వేసినా, మంజిష్ఠ వేసినా, సీసాలోని అలిజరిన్ వేసినా పటిక పూసే చేతికి పని మారలేదు. ఛాయ మారుతుంది, మన్నిక మారుతుంది, బొమ్మను మాత్రం మళ్లీ గీయనక్కర్లేదు.

పటిక ఏం చేస్తోందో గమనించండి. "ఇక్కడ ఒక ఎరుపు కావాలి" అని అది గుడ్డ మీద గుర్తు పెడుతోంది. ఏ ఎరుపు అన్నది చెప్పడం లేదు. ఆ నిర్ణయం గాబు దగ్గర ఉన్నవారిది. ప్రోగ్రామింగ్ భాషలో పటికను ఇంటర్‌ఫేస్ అనీ, వేరును ఆధారం అనీ, గుర్తున్న చోటికి రంగును చేర్చే గాబును కంటైనర్ అనీ అనుకోవచ్చు. చిరివేరును తీసేసి అలిజరిన్ పెట్టడం సులువైనందువల్లనే చిరివేరు తవ్వి బతికినవారి జీవనం దెబ్బతింది. మార్చడానికి వీలైన ప్రతిదీ మారుతుంది. ప్రోగ్రాముల్లో దానివల్ల ఎవరికీ నొప్పి ఉండదు కాబట్టి మనం సంతోషంగా ముందుకు వెళ్లవచ్చు.

తన ఆధారాలను తానే తెచ్చుకునే క్లాసు

ఇప్పుడు కష్టాన్ని చూద్దాం. శ్రీకాళహస్తిలోని ఒక కలంకారీ దుకాణానికి మీరు వెబ్‌సైట్ తయారుచేస్తున్నారని అనుకుందాం. 'ఆర్డర్‌సేవ' అనే క్లాసు రాశారు. కొనుగోలుదారు ఆర్డరు పెట్టగానే అది మూడు పనులు చేయాలి: డేటాబేసులో నమోదు, డబ్బు స్వీకరణ, ఎస్‌ఎంఎస్ పంపడం. మామూలుగా కొత్తవారు ఆ మూడింటికీ కావలసిన ఆబ్జెక్టులను 'ఆర్డర్‌సేవ' లోపలే 'న్యూ'తో సృష్టిస్తారు. ప్రోగ్రాం నడుస్తుంది కూడా.

దీన్ని పరీక్షించాలి. మొత్తం లెక్కలో జీఎస్‌టీ సరిగ్గా కలిసిందో లేదో చూడాలి, అంతే. కానీ 'ఆర్డర్‌సేవ'ను కదిలిస్తే చాలు, డేటాబేసులో నిజంగా నమోదవుతుంది, నిజంగా డబ్బు కట్ అవుతుంది, ఎవరి ఫోనుకో నిజంగా ఎస్‌ఎంఎస్ వెళుతుంది. ఒక కూడికను సరిచూడటానికి దుకాణం మొత్తం తెరవవలసి వస్తోంది. ఎస్‌ఎంఎస్ కంపెనీని మార్చాలన్నా, ఆర్డర్ల లెక్క రాసిన ఫైలునే తెరిచి దిద్దాలి.

పరిష్కారం చిన్నది. ఆ మూడు ఆబ్జెక్టులను కన్‌స్ట్రక్టర్‌లో పారామీటర్లుగా అడగండి. 'ఆర్డర్‌సేవ'ను సృష్టించేవారు వాటిని తెచ్చి ఇస్తారు. దుకాణం నడిచేటప్పుడు అసలైనవి ఇస్తారు. పరీక్షలో ఉత్తుత్తి ఎస్‌ఎంఎస్ పంపిణీదారును ఇస్తారు. అది ఎవరికీ ఏమీ పంపదు, తనను ఎన్నిసార్లు పిలిచారో లెక్క మాత్రం రాసుకుంటుంది. ఇప్పుడు మీరు చేసినది డిపెండెన్సీ ఇంజెక్షన్. ఇందులో ఫ్రేమ్‌వర్క్ లేదు, అనొటేషన్ లేదు, కంటైనర్ లేదు. ఈ విషయం గుర్తుంచుకుంటే ఈ పాఠంలో మిగిలినదంతా తేలికవుతుంది.

ఇంత చిన్న విషయానికి పేరు పెట్టడానికి 2004 వరకు ఎందుకు పట్టింది? చరిత్ర ఇక్కడ మొదలవుతుంది.

భావనకు పూర్వరంగం

1988లో రాల్ఫ్ జాన్సన్, బ్రయాన్ ఫుట్ రాసిన ఒక వ్యాసంలో 'ఇన్‌వర్షన్ ఆఫ్ కంట్రోల్' అనే మాట కనిపిస్తుంది. దీన్ని 'నియంత్రణ తలకిందులు కావడం' అనవచ్చు. మామూలు లైబ్రరీని మన ప్రోగ్రాం పిలుస్తుంది. ఫ్రేమ్‌వర్క్ అయితే మన ప్రోగ్రామునే అది పిలుస్తుంది. ఎవరు ఎవరిని పిలుస్తారన్నది ఇక్కడ తిరగబడింది. 1996లో రాబర్ట్ సి. మార్టిన్ మరో మెట్టు ఎక్కాడు. పైస్థాయి నిర్ణయాలు తీసుకునే కోడు, కిందిస్థాయి వివరాలు చూసే కోడు మీద నేరుగా ఆధారపడకూడదనీ, రెండూ ఒక ఇంటర్‌ఫేస్ మీద ఆధారపడాలనీ ప్రతిపాదించాడు. దీనికి 'డిపెండెన్సీ ఇన్‌వర్షన్' అని పేరు. ఇన్‌వర్షన్, ఇంజెక్షన్ ఒకటే అని విద్యార్థులు తరచుగా పొరబడతారు. మొదటిది కోడును ఎలా అమర్చాలో చెప్పే సూత్రం. రెండోది ఆధారాన్ని అందించే పద్ధతి.

1997లో కెంట్ బెక్, ఎరిక్ గామా కలిసి జావాకు జేయూనిట్ అనే పరీక్షా సాధనాన్ని రాశారు. అట్లాంటాలో జరిగే సదస్సుకు విమానంలో వెళుతూ మొదలుపెట్టారట. ప్రతి క్లాసుకు చిన్న పరీక్ష రాసి, రోజుకు పలుమార్లు నడపడం ఆ తర్వాత కొన్నేళ్లలో ఒక అలవాటుగా వ్యాపించింది. ఆ అలవాటు లేకపోతే 'ఆర్డర్‌సేవ'లోని లోపం ఎవరికీ బయటపడేది కాదు. ఆధారాన్ని బయటి నుంచి ఇవ్వాలన్న ఒత్తిడి ప్రధానంగా పరీక్షల నుంచే వచ్చింది.

ఆ ఒత్తిడి తీవ్రంగా తగిలింది జావా సర్వర్ ప్రోగ్రాములు రాసేవారికి. 1998లో సన్ మైక్రోసిస్టమ్స్ ఎంటర్‌ప్రైజ్ జావాబీన్స్‌ను ప్రవేశపెట్టింది. దీన్ని ఈజేబీ అంటారు. బ్యాంకులు, బీమా సంస్థల వంటి పెద్ద వ్యవస్థలకు ఇది ఉద్దేశించినది. ఒక చిన్న పనికి కూడా హోమ్ ఇంటర్‌ఫేస్, రిమోట్ ఇంటర్‌ఫేస్, అసలు క్లాసు, వాటి వివరాలు చెప్పే ఎక్స్‌ఎంఎల్ ఫైలు కావలసి వచ్చేవి. తనకు కావలసిన ఆధారాన్ని కోడు ఒక పేర్ల పట్టికలో వెతుక్కోవాలి. ఆ పట్టిక సర్వరు నడుస్తున్నప్పుడే ఉంటుంది. కాబట్టి ఒక్క క్లాసును పరీక్షించాలన్నా మొత్తం సర్వరును లేపాలి. ఇందాక మనం చెప్పుకున్న "దుకాణం మొత్తం తెరవడం" ఇదే.

ఈ బరువును 2002 అక్టోబరులో రాడ్ జాన్సన్ తన పుస్తకంలో విమర్శించాడు. విమర్శతో ఊరుకోలేదు. పుస్తకంతో పాటు సుమారు 30,000 పంక్తుల కోడు ఇచ్చాడు. పాఠకులు దాన్ని నడిపి చూశారు. వారిలో యూర్గెన్ హోలర్, యాన్ కారోఫ్ ఆ కోడును అందరికీ అందుబాటులో ఉండే ప్రాజెక్టుగా మారుద్దామని జాన్సన్‌ను ఒప్పించారు. పాత పద్ధతి శీతకాలమైతే ఇది వసంతం అన్న భావంతో కారోఫ్ దానికి స్ప్రింగ్ అని పేరు సూచించాడు. 2004 మార్చిలో స్ప్రింగ్ 1.0 వెలువడింది. మామూలు జావా క్లాసులు రాసుకోండి, వాటిని ఒకదానికొకటి జతచేసే పని కంటైనర్ చూసుకుంటుంది అన్నది దాని మౌలిక ప్రతిపాదన. దాదాపు అదే సమయంలో పాల్ హామంట్, అస్లాక్ హెలెసోయ్ పీకోకంటైనర్‌ను రూపొందించారు. కన్‌స్ట్రక్టర్ ద్వారానే ఆధారాలు అందాలన్న పద్ధతికి అది ప్రసిద్ధి.

పేరు పెట్టిన సంవత్సరం

ఈ సాధనాలన్నీ తమను 'ఇన్‌వర్షన్ ఆఫ్ కంట్రోల్' కంటైనర్లుగా చెప్పుకునేవి. 2004 జనవరిలో మార్టిన్ ఫౌలర్ ఒక దీర్ఘ వ్యాసంలో దీనికి అభ్యంతరం తెలిపాడు. ప్రతి ఫ్రేమ్‌వర్కులోనూ నియంత్రణ తిరగబడే ఉంటుంది, అటువంటప్పుడు అది వీటి ప్రత్యేకత ఎలా అవుతుందన్నది ఆయన ప్రశ్న. ఇక్కడ తిరగబడినది ఆధారాన్ని తెచ్చుకునే బాధ్యత. కాబట్టి ఆ పద్ధతిని సమర్థించే పలువురితో చర్చించి 'డిపెండెన్సీ ఇంజెక్షన్' అనే పేరును ఖాయం చేశాడు. కన్‌స్ట్రక్టర్ ద్వారా, సెట్టర్ మెథడ్ ద్వారా, ఇంటర్‌ఫేస్ ద్వారా అని మూడు రూపాలనూ విడదీసి చూపాడు. క్లాసు తానే ఒక కేంద్ర స్థానానికి వెళ్లి ఆధారాన్ని అడిగి తెచ్చుకునే 'సర్వీస్ లొకేటర్' పద్ధతినీ పక్కన పెట్టి పోల్చాడు. ఆ పద్ధతిని ఆయన తోసిపుచ్చలేదు. ఏది వాడినా, ఆధారాన్ని వాడుకోవడాన్నీ దాన్ని అమర్చడాన్నీ వేరుచేయడమే ముఖ్యమన్నాడు. పాఠ్యపుస్తకాలు మూడు రూపాల పేర్లు రాసి, ఈ మాటను వదిలేస్తుంటాయి.

తొలి స్ప్రింగ్ ప్రోగ్రాముల్లో జతచేసే వివరాలన్నీ ఎక్స్‌ఎంఎల్‌లో రాసేవారు. ఈజేబీ ఎక్స్‌ఎంఎల్ నుంచి పారిపోయి వచ్చినవారు మరో ఎక్స్‌ఎంఎల్ కుప్పలో పడ్డారని అప్పట్లో విమర్శ ఉండేది. అందులో న్యాయం లేకపోలేదు. 2004లో జావా 5తో అనొటేషన్లు వచ్చాక దారి మారింది. 2006లో ఈజేబీ 3.0 కూడా అనొటేషన్లతో ఇంజెక్షన్‌ను స్వీకరించింది. ఏ వ్యవస్థకు వ్యతిరేకంగా ఈ భావన పెరిగిందో ఆ వ్యవస్థే దాన్ని తనలో కలుపుకుంది. 2007లో గూగుల్ నుంచి గైస్ వెలువడింది. అదే ఏడాది స్ప్రింగ్ 2.5తో, మీరు ఈనాడు చూసే 'ఆటోవైర్డ్' అనొటేషన్ వచ్చింది. 2009లో జావాకు ఉమ్మడి ప్రమాణం ఏర్పడింది. విద్యార్థిని కలవరపెట్టే 'మాయ' ఈ దశలోనే మొదలైందని చెప్పాలి. ఎక్స్‌ఎంఎల్ విసిగించినా, ఏది ఎక్కడి నుంచి వస్తోందో ఒక ఫైలులో కనిపించేది. ఇప్పుడు అది కళ్లముందు లేదు.

వెబ్ ఫ్రేమ్‌వర్కుల్లోకి ప్రవేశం

బ్రౌజర్‌లో నడిచే జావాస్క్రిప్టులోకి ఈ భావనను విస్తృతంగా తెచ్చినది యాంగ్యులర్‌జేఎస్. దాని సృష్టికర్తల్లో ఒకరైన మిష్కో హెవెరీ అంతకుముందు గూగుల్‌లో, పరీక్షకు అనువైన కోడు రాయడం గురించి ప్రచారం చేసినవాడు. 2012లో యాంగ్యులర్‌జేఎస్ 1.0 వచ్చింది. జావాస్క్రిప్టులో టైపులు లేవు కాబట్టి, ఫంక్షన్ పారామీటర్ పేరు చూసి ఏ ఆధారం కావాలో అది గుర్తించేది. దీనితో ఒక చిక్కు వచ్చింది. వెబ్‌సైటును ప్రజలకు అందించే ముందు ఫైలు పరిమాణం తగ్గించడానికి పేర్లన్నిటినీ 'ఏ', 'బి' వంటి ఒక్క అక్షరానికి కుదిస్తారు. అలా కుదించగానే 'ఏ' అనే ఆధారం ఎక్కడుందో యాంగ్యులర్‌కు తెలియదు. మన కంప్యూటరులో చక్కగా నడిచిన ప్రోగ్రాం సర్వరు మీద ఆగిపోయేది. అసలు పేర్లను విడిగా అక్షరమాలలుగా రాసి ఇవ్వడం దానికి విరుగుడు. కంటైనర్‌లో మాయ ఏమీ లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అది ఏదో ఒక గుర్తును చదువుతుంది. గుర్తు చెరిగితే పని జరగదు. పటిక పూయని చోట ఎరుపు పట్టదు.

2016లో వచ్చిన ఏఎస్‌పీ డాట్ నెట్ కోర్ 1.0 ఫ్రేమ్‌వర్కులోనే కంటైనర్‌ను కలిపి ఇచ్చింది. అక్కడ మీరు నేర్చుకోవలసినది ఆధారం ఆయుష్షు. అడిగిన ప్రతిసారీ కొత్తది ఇవ్వాలా (ట్రాన్సియెంట్), ఒక వెబ్ అభ్యర్థనకు ఒకటా (స్కోప్డ్), ప్రోగ్రాం మొత్తానికి ఒకటేనా (సింగిల్‌టన్)? పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. వాస్తవంలో దీని బరువు ఎక్కువ. మన దుకాణం వెబ్‌సైటులో, కొనుగోలుదారు పేరు, చిరునామా దాచే ఆబ్జెక్టు అభ్యర్థనకు ఒకటి చొప్పున ఉండాలి. దాన్ని పొరపాటున సింగిల్‌టన్‌గా నమోదు చేస్తే, తిరుపతిలోని ఒకరి చిరునామా మదనపల్లెలోని మరొకరి తెర మీద కనిపించవచ్చు. మీ కంప్యూటరులో మీరొక్కరే వాడేవారు కాబట్టి ఆ తప్పు ఎప్పటికీ బయటపడదు. రెండు బ్రౌజర్లు తెరిచి, రెండు పేర్లతో ప్రవేశించి చూడటం అలవాటు చేసుకోండి.

2018లో మొదలైన ఫాస్ట్‌ఏపీఐ పైథాన్‌లో ఇదే భావనను క్లాసులు లేకుండా, ఫంక్షన్ పారామీటర్లతోనే అమలుచేసింది. పీహెచ్‌పీలో లారవెల్‌కు సొంత కంటైనర్ ఉంది. ఈ జాబితాను ఇంకా పొడిగించనవసరం లేదు.

అభ్యంతరాలు

ఈ భావనను అందరూ అంగీకరించలేదు. రూబీ ఆన్ రైల్స్ సృష్టికర్త డేవిడ్ హైన్‌మయర్ హాన్సన్ వాదన ఇది: రూబీ వంటి భాషలో పరీక్ష సమయంలో ఏ మెథడ్‌నైనా తాత్కాలికంగా మార్చవచ్చు, కాబట్టి పరీక్ష కోసమే కోడుకు అదనపు పారామీటర్లు తగిలించడం అనవసరం. భాషను బట్టి అవసరం మారుతుందన్నంత వరకు ఇది సమంజసమే. జావా కష్టానికి పుట్టిన జవాబును ప్రతి భాషకూ యథాతథంగా మోయకూడదు. అయితే పరీక్ష ఒక్కటే ప్రయోజనమన్నట్లు ఈ వాదన సాగుతుంది. కన్‌స్ట్రక్టర్ చూడగానే ఆ క్లాసుకు ఏమేం కావాలో తెలియడం మరో ప్రయోజనం. ఎనిమిది పారామీటర్లు అడిగే కన్‌స్ట్రక్టర్ కనిపిస్తే, ఆ క్లాసు మరీ ఎక్కువ పనులు నెత్తిన వేసుకుందని అర్థం. ఫీల్డు మీద నేరుగా అనొటేషన్ పెట్టే పద్ధతి ఈ హెచ్చరికను దాచేస్తుంది. అందుకే స్ప్రింగ్ బృందం కూడా కన్‌స్ట్రక్టర్ పద్ధతినే సిఫారసు చేస్తుంది. 2016లో వచ్చిన స్ప్రింగ్ 4.3 నుంచి, క్లాసుకు ఒకే కన్‌స్ట్రక్టర్ ఉంటే అనొటేషన్ కూడా అవసరం లేదు.

కంటైనర్ లేకుండా చేతితోనే ఆధారాలు జతచేయడాన్ని, ఈ విషయంపై గ్రంథం రాసిన మార్క్ సీమన్ 'ప్యూర్ డీఐ' అన్నాడు. చిన్న ప్రోగ్రాములకు అది చాలు. నేర్చుకునేవారికి అదే సరైన ప్రారంభం.

అభ్యాసం

కింది పనిని మీరు ఎంచుకున్న భాషలో, ఫ్రేమ్‌వర్క్ లేకుండా చేయండి. కంప్యూటరు అందుబాటులో లేనివారు కాగితం మీద రాసి, తదుపరి సంపర్క తరగతికి తీసుకురావచ్చు.

'ఆర్డర్‌సేవ' క్లాసును ముందుగా 'న్యూ' లోపలే వాడి రాయండి. జీఎస్‌టీ లెక్కను పరీక్షించడానికి ప్రయత్నించి, ఎక్కడ అడ్డుపడిందో ఒక వాక్యంలో రాసుకోండి. తర్వాత మూడు ఆధారాలను కన్‌స్ట్రక్టర్‌లోకి తెచ్చి, ఉత్తుత్తి ఎస్‌ఎంఎస్ పంపిణీదారుతో అదే పరీక్షను మళ్లీ నడపండి. చివరగా, అసలైన ఆబ్జెక్టులన్నిటినీ సృష్టించి జతచేసే పంక్తులను ప్రోగ్రాం మొదలయ్యే ఫైలులో ఒకే చోట చేర్చండి. అవి ఎన్ని పంక్తులయ్యాయో లెక్కపెట్టండి. మీ తర్వాతి భాగంలో స్ప్రింగ్ కంటైనర్ రాయబోయేది ఆ పంక్తులనే. మీ కాగితాన్ని అప్పటిదాకా దగ్గర ఉంచుకోండి.